నాలుగు కోర్లే, తరం వేరు

సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ కొనబోయేవాళ్లు అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే. ఒక సిస్టంలో కోర్ 2 క్వాడ్ క్యూ6600 ఉంది, ఇంకోదాంట్లో కోర్ ఐ5-2400 ఉంది. రెండింటికీ నాలుగేసి కోర్లు. ఒకటి 2.4 గిగాహెర్ట్జ్, రెండోది 3.1. అంటే తేడా ముప్పై శాతం లోపే. ధరలో తేడా అంతకు మించి ఉంటే పాతది తీసుకోవడమే లాభం కదా?

కాదు. ఈ లెక్కలోకి వచ్చిన అంకెలన్నీ నిజమే, వచ్చిన జవాబు మాత్రం తప్పు. పెట్టె మీద రాయని మూడు విషయాలు ఇందులోకి రాలేదు. ఒక్కో క్లాక్ టిక్కులో ప్రాసెసర్ ఎంత పని చేస్తుంది, ర్యామ్‌ను ఎంత త్వరగా అందుకుంటుంది, ఏయే ఆదేశాలను అర్థం చేసుకుంటుంది. వేర్వేరు తరాల ప్రాసెసర్లను పోల్చడమంటే అసలు ఈ మూడింటినీ పోల్చడమే. వీటిలో మూడోదే ఇవాళ అన్నిటికన్నా ముఖ్యం. దాన్ని గురించే జనం అతి తక్కువ మాట్లాడుకుంటారు.

గిగాహెర్ట్జ్ చూసి వేగం చెప్పే అలవాటును మనకు బాగా ఎక్కించింది పెంటియం 4. 2004లో వచ్చిన ప్రెస్కాట్ రకంలో ఒక ఆదేశం 31 దశలు దాటాలి. పనిని అంత చిన్న ముక్కలు చేస్తే క్లాక్‌ను వేగంగా నడపొచ్చు, అలాగే 3.8 గిగాహెర్ట్జ్ దాకా తీసుకెళ్లారు. కానీ ప్రోగ్రాం ఎటు మలుపు తిరుగుతుందో ముందే వేసుకున్న అంచనా తప్పితే, దశల్లో ఉన్న పనంతా పారేసి మొదటికి రావాలి. పైగా వేడి. ఆ దారిలో రావాల్సిన తర్వాతి చిప్ టేజాస్‌ను ఇంటెల్ 2004 మేలోనే ఆపేసింది. ఇజ్రాయెల్‌లోని హైఫా బృందం నడిపించిన కోర్ 2 కుటుంబం 2006 జులైలో మార్కెట్‌కి వచ్చింది. దానికి 14 దశలే, టిక్కుకు నాలుగు ఆదేశాల దాకా తీసుకునే వెడల్పు ఉంది. 2.4 గిగాహెర్ట్జ్ కోర్ 2, 3.8 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను సునాయాసంగా దాటేసింది. గిగాహెర్ట్జే వేగం కాదని ఏఎండీ 2001 నుంచే చెబుతూ వచ్చింది. అథ్లాన్ ఎక్స్‌పీ 1800+ నిజంగా నడిచేది 1.53 గిగాహెర్ట్జ్ మీదే. ఇంత జరిగినా కొనేవాడి చూపు ఇప్పటికీ ముందు గిగాహెర్ట్జ్ మీదే పడుతుంది.

క్యూ6600 గురించి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి, ఎందుకంటే ఆ చిప్‌కు ఆ గౌరవం దక్కాలి. 2007 జనవరిలో 851 డాలర్లకు వచ్చింది. జులైకల్లా 266 డాలర్లకు దిగింది. ఇంటి కంప్యూటర్‌లోకి నాలుగు కోర్లను నిజంగా తెచ్చింది ఇదే. అయితే ఆ నాలుగూ ఒకే ముక్క మీద లేవు. 65 నానోమీటర్ల పద్ధతిలో చేసిన రెండు డ్యుయల్ కోర్ చిప్‌లను ఒకే మూత కింద పక్కపక్కన అతికించారు. ఒక్కో దానికి 29.1 కోట్ల ట్రాన్సిస్టర్లు, 4 ఎంబీ క్యాష్. ఒకే ఇంట్లో రెండు వాటాలు, మధ్యలో తలుపు లేదు. ఈ వాటాలోంచి ఆ వాటాలోకి గిన్నెడు కూర ఇవ్వాలన్నా వీధిలోకి వచ్చి వెళ్లాల్సిందే. ఆ వీధే ఫ్రంట్ సైడ్ బస్. మొదటి జతలోని కోర్‌కు రెండో జత దగ్గరున్న డేటా కావాలంటే ఆ బస్ మీదికి రావాలి. ర్యామ్ కావాలన్నా అదే బస్ మీద బోర్డు మీదున్న నార్త్‌బ్రిడ్జ్ దాకా వెళ్లాలి. నాలుగు కోర్లకూ కలిపి సెకనుకు సుమారు 8.5 గిగాబైట్ల దారి, అంతే.

అయినా ఆ బస్ వల్లే క్యూ6600కు అంత పేరొచ్చింది. బస్ మూల వేగం 266 మెగాహెర్ట్జ్, చిప్ దాన్ని తొమ్మిదితో గుణిస్తుంది, 2.4 గిగాహెర్ట్జ్ అవుతుంది. బయాస్‌లోకి వెళ్లి 266ను 333 చేస్తే తొమ్మిది రెట్లు సరిగ్గా 3.0. బోర్డు, కూలర్ ఓ మాదిరివైనా చాలా చిప్‌లు ఈ వేగాన్ని తట్టుకునేవి. చిప్ మీద ఎస్‌ఎల్‌ఏసీఆర్ అని చెక్కి ఉన్న జీ0 రకం కోసం జనం దుకాణాల్లో డబ్బాలు తిరగేసి మరీ వెతికేవాళ్లు. ముందొచ్చిన బీ3 రకానికి 105 వాట్ల వేడి హద్దు ఉంటే, జీ0కు 95 చాలు.

సరిగ్గా అదే 266 డాలర్లకు 2007 జులైలో ఇంకో చిప్ దొరికేది. ఈ6850, రెండే కోర్లు, 3.0 గిగాహెర్ట్జ్. రెండు వేగమైన కోర్లా, నాలుగు నిదానమైన కోర్లా అన్న వాదన ప్రపంచమంతా ఏడాది పైగా నడిచింది. ఆనాటి ఆటల్లో, మామూలు సాఫ్ట్‌వేర్‌లో ఈ6850దే పైచేయి. వీడియో కన్వర్ట్ చేసే పనిలో క్యూ6600. కాలం గడిచేకొద్దీ సాఫ్ట్‌వేర్ ఎక్కువ కోర్లను వాడుకోవడం నేర్చుకుంది, ఈ6850 వెనకబడింది. క్యూ6600 కొన్నవాళ్లు మరో అయిదారేళ్లు నిశ్చింతగా గడిపారు. అందుకని అందరూ కోర్లే కొనాల్సిందా? ఆ తీర్పు నేనివ్వను. తెలుగునాట డీటీపీ సెంటర్లను చూడండి. అను ఫాంట్స్‌తో పేజ్‌మేకర్ మీద పత్రికలు, శుభలేఖలు, కరపత్రాలు కూర్చేవాళ్లకు నాలుగు కోర్లలో మూడు ఖాళీగానే ఉంటాయి. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో, అది ఒక్క కోర్ కాలం నాటి సాఫ్ట్‌వేర్. అలాంటి చోట ఈ6850 ఏనాడూ ఓడలేదు.

ఇక ఐ5-2400. 2011 జనవరిలో శాండీ బ్రిడ్జ్ పేరుతో వచ్చిన కుటుంబంలోది. క్యూ6600కు, దీనికీ మధ్య 2008 నవంబర్‌లో నెహాలెం వచ్చింది. ర్యామ్‌ను నడిపించే కంట్రోలర్‌ను బోర్డు మీంచి తీసి ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ లోపల పెట్టింది నెహాలెమే. శాండీ బ్రిడ్జ్ దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లింది. నాలుగు కోర్లు, 6 ఎంబీల ఉమ్మడి క్యాష్, మెమరీ కంట్రోలర్, గ్రాఫిక్స్ అన్నీ 32 నానోమీటర్ల ఒకే చిప్ మీద, ఒకే రింగ్ మీద కూర్చున్నాయి. ఒక కోర్ చదివిన డేటా ఉమ్మడి క్యాష్‌లో ఉంటే ఇంకో కోర్ అక్కడే తీసుకుంటుంది, బోర్డు మీదికి రానక్కర్లేదు. ర్యామ్‌కు రెండు చానళ్ల డీడీఆర్3-1333, సెకనుకు దాదాపు 21 గిగాబైట్లు. అంటే క్యూ6600కు ఉన్న దారికి రెండున్నర రెట్లు. పైగా మధ్యలో నార్త్‌బ్రిడ్జ్ లేదు కాబట్టి అడిగిన డేటా వచ్చేలోపు నిరీక్షణా తగ్గింది.

లోపలి పనితీరులో మార్పులు అంత పైకి కనపడవు గానీ వాటి ప్రభావం పెద్దది. ఒకసారి విడమర్చిన ఆదేశాలను దాచుకోవడానికి శాండీ బ్రిడ్జ్‌లో ప్రత్యేకంగా చిన్న క్యాష్ పెట్టారు. దాదాపు 1,500 సూక్ష్మ ఆదేశాలు అందులో పడతాయి. ప్రోగ్రాం ఒకే లూప్‌లో తిరుగుతున్నంతసేపూ విడమర్చే పని మళ్లీ చెయ్యాల్సిన అవసరం ఉండదు. ఇంకొకటి చాలామంది గమనించనిది. పోల్చి చూసే ఆదేశాన్నీ, దాని వెంటనే వచ్చే మలుపు ఆదేశాన్నీ కలిపి ఒక్కటిగా నడిపే ఉపాయం మొదట కోర్ 2లోనే వచ్చింది. కానీ క్యూ6600 తరంలో అది 32 బిట్ మోడ్‌లోనే పనిచేస్తుంది. 64 బిట్‌లో కూడా పనిచెయ్యడం నెహాలెంతో మొదలైంది. 2007లో దాదాపు అందరూ 32 బిట్ విండోస్ వాడుతున్నారు కాబట్టి ఆ లోటు ఎవరికీ తెలియలేదు. ఇవాళ అదే చిప్ మీద 64 బిట్ సిస్టం ఎక్కిస్తే, దానికున్న ఒక మంచి గుణాన్ని పక్కన పెట్టి నడుపుతున్నట్టే.

టర్బో సంగతి అందరికీ తెలిసిందే. ఒక్క కోర్ మీదే పని పడితే ఐ5-2400 దానంతటదే 3.4 దాకా వెళ్తుంది, క్యూ6600కు ఆ సౌకర్యం లేదు. ఇవన్నీ కలిపితే ఒక్క కోర్ మీద నడిచే పనిలో కొత్తది పాతదానికి ఒకటిన్నర రెట్లు దాటి రెట్టింపుకు దగ్గరగా ఉంటుంది. అందులో గిగాహెర్ట్జ్ వాటా 1.4 రెట్లే. మిగిలిందంతా పెట్టె మీద కనిపించనిది.

ఈ రెట్లు చెప్పేటప్పుడు పరీక్షల గురించి ఒక హెచ్చరిక అవసరం. నెట్‌లో దొరికే స్కోర్లన్నిటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పాస్‌మార్క్ తన పరీక్షను 2020లో పదో వెర్షన్‌కు మార్చినప్పుడు స్కోర్ల కొలమానమే మారిపోయింది. ఒక చిప్‌కు 2015 నాటి పత్రికలోని అంకె, ఇంకోదానికి నిన్నటి అంకె తీసుకుంటే వచ్చే తేడాకు ప్రాసెసర్లతో సంబంధమే ఉండదు. ఇక కొత్త పరీక్షల్లో కొన్ని కొత్త ఆదేశాలను వాడుకుంటాయి, వాటిలో క్యూ6600 మరీ దీనంగా కనిపిస్తుంది. ఆ స్కోరు అబద్ధం కాదు. కానీ ఆ ఆదేశాలు అక్కర్లేని పని చేసుకునేవాడికి అది వర్తించదు. అందుకే ఏ పరీక్ష, ఏ వెర్షన్, ఏ పని అన్న మూడూ రాయని పోలికను నేను చదవడం మానేశాను.

ఇప్పుడు ఆదేశాల సంగతి. ఇదే ఈ వ్యాసానికి అసలు కారణం.

నెమ్మదిగా నడిచే ప్రాసెసర్‌తో ఓపికగా సర్దుకుపోవచ్చు. ఆదేశమే తెలియని ప్రాసెసర్‌తో సర్దుకోవడానికి ఏమీ లేదు, ప్రోగ్రాం తెరుచుకోదు. 64 బిట్ ప్రాసెసర్లను 2020లో నాలుగు మెట్లుగా విభజించారు. క్యూ6600ది మొదటి మెట్టు. ఎస్‌ఎస్‌ఈ4.2, పాప్‌కౌంట్ అనే ఆదేశాలు ఉంటే రెండో మెట్టు, ఐ5-2400 అక్కడ ఉంది. ఏవీఎక్స్ అనే ఆదేశాల గుంపు కూడా దానికుంది గానీ ఏవీఎక్స్2 లేదు, అది లేకపోతే మూడో మెట్టు ఎక్కలేదు. 2013లో హాస్వెల్ కుటుంబంతో వచ్చిన ఐ5-4570 మూడో మెట్టు మీద ఉంది.

ఈ మెట్లు కాగితం మీది వర్గీకరణ మాత్రమే అయితే పట్టించుకోనక్కర్లేదు. కానీ రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 9, 2022లో మొదటి మెట్టును వదిలేసింది. 2025లో వచ్చిన పదో వెర్షన్ రెండో మెట్టునూ వదిలేసింది. అంటే 9 కావాలంటే క్యూ6600 పనికిరాదు, 10 కావాలంటే ఐ5-2400 కూడా పనికిరాదు. విండోస్ 11 అధికారికంగా ఈ మూడింటిలో దేన్నీ ఒప్పుకోదు, దానికి ఎనిమిదో తరం ఇంటెల్ కావాలి. ఆ తనిఖీని దాటించే దారులు జనం కనిపెట్టుకుని చాలాకాలం పాత చిప్‌ల మీద కూడా నడిపారు. 2024లో వచ్చిన 24హెచ్2 వెర్షన్‌తో క్యూ6600కు ఆ దారీ పోయింది. ఎస్‌ఎస్‌ఈ4.2, పాప్‌కౌంట్ లేని ప్రాసెసర్ మీద అది బూటే అవ్వదు. ఐ5-2400 మీద మాత్రం తనిఖీ దాటిస్తే ఇప్పటికీ ఎక్కుతుంది. అలా ఎక్కించుకోవడం ఇంటి ప్రయోగానికి పర్వాలేదు గానీ, దుకాణం లెక్కలు చూసే సిస్టం మీద వద్దంటాను.

సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే కథ. 2018లో టెన్సర్‌ఫ్లో 1.6 నుంచి రెడీమేడ్ ప్యాకేజీలకు ఏవీఎక్స్ తప్పనిసరి అయ్యింది. మాంగోడీబీ 5.0 కూడా ఏవీఎక్స్ అడుగుతుంది. ఇంజనీరింగ్ చదివే పిల్లలు డేటా సైన్స్ పాఠాలు చూస్తూ సొంత సిస్టం మీద ఈ రెండిట్లో ఒకటి ఎక్కించబోయి, అర్థంకాని ఎర్రర్ ఒకటి వచ్చి ఆగిపోతే తప్పు తమదే అనుకుంటారు. తప్పు వాళ్లది కాదు, లోపలున్న కోర్ 2ది. ఆటల్లో నో మ్యాన్స్ స్కై 2016లో విడుదలైనప్పుడు ఎస్‌ఎస్‌ఈ4.1 లేని చిప్‌ల మీద తెరుచుకోలేదు, తర్వాత సర్దుబాటు చేశారు. అన్ని ఆటలకూ ఆ సర్దుబాటు రాదు.

భద్రత విషయమూ ఇక్కడే చెప్పాలి. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడ్డాక ఇంటెల్ శాండీ బ్రిడ్జ్‌కు మైక్రోకోడ్ సవరణలు ఇచ్చింది. కోర్ 2 కాలంనాటి వాటికి ఇవ్వబోమని ఆ ఏప్రిల్‌లో తేల్చేసింది. బ్యాంకు పనులు చేసుకునే సిస్టం విషయంలో ఇది చిన్న తేడా కాదు. ఎన్‌క్రిప్షన్‌ను వేగంగా చేసే ఏఈఎస్ ఆదేశాలు ఐ5-2400లో ఉన్నాయి, క్యూ6600లో లేవు. డిస్కును ఎన్‌క్రిప్ట్ చేసి వాడుకునేవాళ్లకు ఈ తేడా ప్రతి ఫైలు దగ్గరా తెలుస్తుంది. ఒక పక్క మాట. తరం కొత్తదైనంత మాత్రాన అన్నీ ఉంటాయనుకోకూడదు. ఐ5-2400తో ఒకే కుటుంబమైన ఐ3-2100లో ఏఈఎస్ లేదు. హాస్వెల్ తరంలోనే వచ్చిన పెంటియంలలో ఏవీఎక్స్ మొత్తంగా ఆపేశారు. స్టిక్కర్ మీద తరం చూసి ఆగిపోతే దెబ్బతింటారు.

కరెంటు గురించి జనం అనుకునేది కూడా సగమే నిజం. జీ0 రకం క్యూ6600కు 95 వాట్లు, ఐ5-2400కు 95 వాట్లు. రెండూ సమానమే అని తేల్చేస్తారు. ఆ అంకె కూలర్ ఎంత వేడిని తీసెయ్యాలో చెప్పేది, మీటర్ ఎంత తిరుగుతుందో చెప్పేది కాదు. సిస్టం ఎక్కువసేపు ఖాళీగానే ఉంటుంది. అప్పుడు శాండీ బ్రిడ్జ్ తన కోర్లకు కరెంటు దాదాపుగా ఆపేయగలదు. కోర్ 2 అంతగా ఆపలేదు, దాని పక్కనున్న నార్త్‌బ్రిడ్జ్ వేరే తాగుతుంది, గ్రాఫిక్స్ కార్డు పెడితే అదొకటి. రెండు సిస్టంల మధ్య తేడా 40 వాట్లు అనుకుని, రోజుకు ఎనిమిది గంటలు వాడితే ఏడాదికి సుమారు 117 యూనిట్లు. పాత సిస్టం ధరలో మిగిలింది మూడు నాలుగేళ్లలో బిల్లులో పోతుంది.

అసలు ప్రాసెసర్ ఒక్కటే ఎవరూ కొనరు, దానితో వచ్చే బోర్డును కొంటారు. ఇక్కడ కోర్ 2 పరిస్థితి ఇంకా దిగజారుతుంది. మన దగ్గర అసెంబుల్డ్ సిస్టంలలో విరివిగా వాడిన జీ31 చిప్‌సెట్ బోర్డులు డీడీఆర్2 ర్యామ్‌ను 4 జీబీ దాకానే తీసుకుంటాయి. ఇవాళ్టి బ్రౌజర్‌లో పది ట్యాబులు తెరిస్తే అది చాలదు. పీ35, పీ45 బోర్డులైతే 8 జీబీ, అంతకు మించీ ఎక్కుతాయి గానీ 4 జీబీ డీడీఆర్2 స్టిక్కులు దొరకడం కష్టం. చవగ్గా దొరికేవాటిలో చాలావరకు ఏఎండీ బోర్డుల్లో తప్ప పనిచెయ్యని రకం. ఐ5-2400కు వచ్చే హెచ్61 బోర్డులో రెండు స్లాట్లే ఉన్నా డీడీఆర్3 16 జీబీ దాకా పెట్టొచ్చు, ఆ ర్యామ్ ఇప్పటికీ ఏ మార్కెట్లో అయినా దొరుకుతుంది.

శాండీ బ్రిడ్జ్ బోర్డులకూ ఒక మచ్చ ఉంది. 2011 జనవరి 31న ఇంటెల్ తన 6 సిరీస్ చిప్‌సెట్‌లో 3 గిగాబిట్ సాటా పోర్టులు కాలక్రమేణా దెబ్బతినే లోపాన్ని ప్రకటించి, మరమ్మతుకూ మార్పిడికీ 70 కోట్ల డాలర్లు అవుతుందని అంచనా వేసింది. సవరించిన బీ3 చిప్‌సెట్ తర్వాత వచ్చింది. తొలి నెలల పీ67, హెచ్67 బోర్డు చేతికొస్తే హార్డ్ డిస్కును 6 గిగాబిట్ పోర్టులకే పెట్టుకోవాలి, వాటికి ఈ లోపం లేదు.

హాస్వెల్ ఐ5-4570ను పైన ప్రస్తావించాను. వేగంలో చూస్తే క్యూ6600 నుంచి ఐ5-2400కు పడినంత పెద్ద అంగ అక్కడ లేదు. 3.2 గిగాహెర్ట్జ్, టర్బోలో 3.6, టిక్కుకు చేసే పనిలో కొద్దిపాటి పెరుగుదల. ఒక టైపింగ్ సెంటర్‌లో రెండింటినీ పక్కపక్కన పెడితే ఏది ఏదో చెప్పడం కష్టం. తరాలన్నీ ఒకే కొలతలో ఉండవు. నాలుగేళ్ల తేడా ఒకచోట యంత్రాన్నే మార్చేస్తుంది, ఇంకోచోట రెండేళ్ల తేడా పైకి కనపడకుండా ఏవీఎక్స్2 ఒక్కటి చేర్చిపోతుంది. ఆ ఒక్కటే పదేళ్ల తర్వాత కొత్త సిస్టం ఎక్కుతుందా లేదా అన్నది తేలుస్తోంది.

కాబట్టి నా మాట ఇది. క్యూ6600 ఇంట్లో ఉన్నవాళ్లు పారేయొద్దు. పేజ్‌మేకర్ లాంటి పాత సాఫ్ట్‌వేర్‌కు, నెట్ తగిలించకుండా, పాత విండోస్‌తో అది ఇంకా చక్కగా పనిచేస్తుంది. లినక్స్ మింట్, డెబియన్ మొదటి మెట్టును ఇంకా వదల్లేదు. కానీ డబ్బిచ్చి దాన్ని కొనడం మాత్రం వద్దు, ఎంత చవగ్గా వచ్చినా సరే. ఐ5-2400ను 8 జీబీ ర్యామ్‌తో, ఎస్‌ఎస్‌డీతో తీసుకుంటే పిల్లల చదువుకూ ఇంటి పనులకూ లినక్స్ మీద సరిపోతుంది. యూట్యూబ్ కొత్త వీడియో పద్ధతులను హార్డ్‌వేర్‌లో విప్పే శక్తి దానికి లేదు, ఆ భారం కోర్ల మీదే పడుతుంది, 1080పీ దాకా నెట్టుకొస్తుంది. ఆఫీసులు వదిలేసిన హాస్వెల్ సిస్టం కొద్దిపాటి తేడాతో దొరికితే మాత్రం రెండో ఆలోచన లేకుండా అదే తీసుకోవాలి. 2025 అక్టోబర్‌లో విండోస్ 10కు మామూలు మద్దతు ముగియడంతో ఇలాంటివి ఆఫీసుల నుంచి బయటికి వచ్చే అవకాశం పెరిగింది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో అయినా, మీ ఊళ్లోని చిన్న దుకాణంలో అయినా, సిస్టం ఆన్ చేయించి సీపీయూ-జెడ్ తెరిపించండి. ఉచిత సాఫ్ట్‌వేరే, నిమిషం పని. మొదటి పేజీలో గిగాహెర్ట్జ్ దగ్గర ఆగకుండా ఆదేశాల వరుస చదవండి. ఏవీఎక్స్2 అని ఉంటే బేరం మొదలుపెట్టండి. ఏవీఎక్స్ దగ్గరే ఆగిపోతే ధర తగ్గించమనండి. అదీ లేక, క్యూ6600లోలా ఎస్‌ఎస్‌ఈలు ఎస్‌ఎస్‌ఎస్‌ఈ3తోనే ముగిస్తే పక్క సిస్టం చూపించమనండి.